మెట్ల పక్క ఏడు గులాబీలు

ఆదివారం మధ్యాహ్నం,
వరండాలో, మీ కుర్చీలోంచి

అత్తయ్యగారికి,

మీ కోడలు నమస్కరించి రాస్తున్న సంగతులు. ఇక్కడ అందరం బాగున్నాం. అలవాటుగా ఆ మాట రాసేసి, నిజమేనా అని ఒకసారి లోపలికి తొంగిచూసి వచ్చాను. మీ అబ్బాయి పేపరు మొహం మీద కప్పుకుని నిద్రపోతున్నారు. మీ మనవరాలు లెక్కల పుస్తకం తెరిచి దాని మీద గోళ్లు కత్తిరించుకుంటోంది. కాబట్టి బాగున్నట్టే. మీరూ, వదినా, అన్నయ్యగారూ కూడా ఇంత నిశ్చింతగానే ఉన్నారనుకుంటాను.

మీ ఉత్తరం బుధవారం అందింది. కవరు మీద చిరునామా చూసి వదిన రాసిందనుకున్నాను. విప్పితే, ఒక్క అక్షరం గీత దాటలేదు. కింద "రెండో కన్ను కట్టు విప్పారు, ఇది నా చేత్తో నేనే రాశాను, చూసుకో" అని ఉంది. మీ అబ్బాయి దాన్ని రెండుసార్లు చదివి ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించారు. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ల వంకతో ఫ్రిజ్ దగ్గరికి తీసుకెళ్తున్నారు.

మీరడిగినవాటికి జవాబులు. నా దగ్గు తగ్గింది. వంటింటి కుళాయి కారడం ఆగింది, ఆపింది ప్లంబరే, మీ అబ్బాయి కాదు. ఆయన చెయ్యి వేశాక ఇంకాస్త ఎక్కువ కారింది. పిల్ల పొడుగు తలుపు మీద గీసిన గీతకి రెండు వేళ్లు పైకి వెళ్లింది. మీరు వచ్చేసరికి నన్ను దాటేస్తుంది. ల్యాబ్‌లో పని మామూలే. ఊళ్లో ఏ వీధి నీళ్లు తాగొచ్చో తేల్చి సంతకం పెట్టడం. పద్దెనిమిదేళ్లుగా సంతకం పెడుతున్నా, ప్రతి సంతకానికీ ముందు ఒకసారి మళ్లీ పరీక్ష చేయిస్తాను. "మేడమ్‌కి నీళ్ల మీద అనుమానమా, మా మీద అనుమానమా?" అని మా వాళ్లు ఆటపట్టిస్తారు. నా మీదే అని వాళ్లకింకా తెలియదు.

ఇక గులాబీలు. వాటి గురించి మీరు మూడుసార్లు అడిగారు: ఉత్తరం మొదట్లో, మధ్యలో, మళ్లీ సంతకం కింద. ఆ జవాబు చివర రాస్తాను. ఇప్పుడే ఆఖరి కాగితం తిప్పి చూడకండి. తిప్పుతారని తెలుసు. అయినా అడుగుతున్నాను.

ముందు తోట సంగతి. మీరు కళ్ల ఆపరేషన్‌కి మీ అమ్మాయి ఇంటికి వెళ్లిన రెండో నెలలో వదిన ఫోన్ చేసింది. కళ్లు బాగుపడుతున్నాయి, ఇక మోకాళ్లు పట్టేయకుండా రోజూ ఇరవై నిమిషాలు నడిపించాలి, సమంగా ఉన్న నేల మీద, అని డాక్టరు చెప్పారట. ఫోన్ పెట్టేసి వరండాలో నిలబడి చూశాను. మనకి సమంగా ఉన్న నేల ఎక్కడుంది? అయిదు మెట్లు. దిగితే బురద, నాచు, చెట్టు వేర్లు. ఎదురింటి మూడంతస్తులూ, పక్కన చెట్టూ, గేటు వైపు గోడా కలిసి మన ముంగిలిని మూసేశాయి. ఎండ చుట్టపుచూపుగా వచ్చి, కూర్చోకుండానే వెళ్లిపోతుంది. ఆరేళ్లలో మీరు ఆ మెట్లు దిగింది ఎన్నిసార్లు? దిగిన ప్రతిసారీ అటొకరూ ఇటొకరూ పట్టుకుని, తిన్నగా కారు దాకా.

అందుకే ముంగిలంతా కొత్తగా చేయించాలనుకున్నాం. మిమ్మల్ని అడిగితే ఫోన్లో ఏమన్నారో గుర్తుందా? "ఏమైనా చేసుకోండి. నా గులాబీల జోలికి మాత్రం రాకండి." ఆ రాత్రి మీ అబ్బాయి హాయిగా నిద్రపోయారు. నేను పోలేదు.

తోట పని చేసే ఆవిడని మా ల్యాబ్‌లో ఒకరు చెప్పారు. అందరూ ఆవిడని తోటమ్మ అంటారు. యాభై దాటిన మనిషి, మగవాళ్ల చొక్కా, జేబులో కొలతల టేపు. వచ్చీరాగానే చెప్పులు విప్పేసి నేల మీద అటూ ఇటూ నడిచింది. వంగి గుప్పెడు మట్టి తీసి పిసికింది. ఆ ముద్ద నా చేతిలో పెట్టి అడిగింది:

"మీకు తోట కావాలా, పూలు కావాలా?"

"రెండూ ఒకటే కదా!"

"ఎండ ఉన్నవాళ్లకి ఒకటే. మీకు కాదు."

నాకు కాస్త రోషం వచ్చింది. మా అత్తగారు ఇక్కడే గులాబీలు పూయిస్తున్నారు, చూడండి, అని మెట్ల పక్క వరసని చూపించాను. ఆవిడ చూసింది. వాటి దాకా వెళ్లలేదు. నా మొహంలోకి మాత్రం ఒకసారి చూసి, "ముందు ఎండ ఎంతుందో చూద్దాం" అంది.

ఆ పని మీ మనవరాలికి అప్పగించింది. శని, ఆదివారాలు పొద్దున ఏడు నుంచి సాయంత్రం అయిదు దాకా గంట గంటకీ ముంగిట్లోకి దిగి, ఎండ పడినచోట దాని అంచు వెంట తెల్ల గులకరాళ్లు పెట్టాలి. పక్కన ఒక చీటీ మీద టైము రాసి రాయి కింద ఉంచాలి. లెక్కలంటే పారిపోయే పిల్ల ఈ పనికి అలారం పెట్టుకుంది. ఆదివారం సాయంత్రానికి చూస్తే గుప్పెడు రాళ్లు కూడా ఖర్చు కాలేదు. ముంగిలి మొత్తం మీద ఎండ నిలబడేది ఒకేచోట. గేటుకి ఎడమ పక్క, నీళ్ల మీటరు దగ్గర, ఒక చాప పరిచినంత మేర. పదకొండుంపావుకి వస్తుంది, ఒంటిగంట దాటాక వెళ్లిపోతుంది.

"అమ్మా, ఇంతేనా మన ఎండ?" అని అడిగింది పిల్ల, ఎవరో మనల్ని మోసం చేసినట్టు.

"అంతే తల్లీ. ఎంతుందో తెలిసింది కదా, ఇక నీడతో దెబ్బలాట మానేయొచ్చు" అంది తోటమ్మ.

అత్తయ్యా, ఇప్పుడు ముంగిలి ఎలా ఉందో చెబుతాను. మెట్లు సగం మేర తీసేసి పక్కన వాలుదారి కట్టారు. దాని వెంట మీ నడుము ఎత్తున ఇనప కడ్డీ. ఎత్తు కొలవడానికి మీ పాత చేతికర్ర పక్కన నిలబెట్టి చూశాం. వాలు దిగితే గరుకు పలకల బాట, ఇద్దరు పక్కపక్కన నడిచేంత వెడల్పు. చెట్టు చుట్టూ తిరిగి గేటు దాకా వెళ్లి మళ్లీ వాలుకే వస్తుంది. ఒక చుట్టు మీ అడుగుల్లో డెబ్బై ఉంటుందని మీ అబ్బాయి మీలాగా నడిచి చూపించారు. మీరు చూసి ఉంటే కర్ర పుచ్చుకునేవారు. బాటకి రెండు పక్కలా ఫెర్నులు, అరచేతంత ఆకులవి, తెల్ల చారల ఆకులవి. "చీకటి గదికి సున్నం వేస్తే ఎలా ఉంటుందో, నీడకి ఈ తెల్ల ఆకులు అలా" అంది తోటమ్మ. ఏళ్ల తరబడి మనం గీకి గీకి పారేసిన నాచుని ఆవిడ చెట్టు మొదట్లో రాళ్ల మధ్య కావాలనే ఉంచింది. ఇప్పుడది పచ్చటి మఖ్మలులా ఉంది. ఇన్నాళ్లూ దాన్ని ఎందుకు తిట్టామో అర్థం కాలేదు.

ఇంతవరకూ బాగానే రాశాను. తర్వాతి మాట రాయడానికి కలం కదలడం లేదు. పిల్ల టీ అడుగుతోంది. వెళ్తాను.

సోమవారం,
ల్యాబ్ వెనక, కుళాయి మెట్టు మీద

నిన్న టీ పెట్టి, బట్టలు మడతపెట్టి, మడతపెట్టినవే మళ్లీ మడతపెట్టి, పడుకున్నాను. ఈ రోజు భోజనాల వేళ ఇక్కడికి వచ్చి కూర్చున్నాను. ఇక్కడైతే రాయగలను. ఎందుకో మీకే తెలుస్తుంది.

వాలుదారికి చోటు కావాలంటే మెట్ల ఎడమపక్క జాగా తియ్యాలి. అంటే గులాబీల వరస. వద్దన్నాను. వదిన వాళ్ల ఊళ్లో మంచి డాక్టర్లున్నారు, మోకాళ్లు అక్కడే బాగవుతాయి, మెట్లే ఉండనివ్వండి, అని ఏదేదో అన్నాను. తోటమ్మ ఓపిగ్గా విని, "చంపను, పక్కకి జరుపుతాను" అంది. నెల కిందట ఒక శనివారం పొద్దున పార పట్టుకుని మొదటి మొక్క పక్కన దింపింది. మట్టి చప్పుడు రాలేదు. పగిలిన ప్లాస్టిక్ చప్పుడు వచ్చింది. వంగి చేత్తో తవ్వింది. నల్ల కుండీ, దాని మీద నర్సరీ ముద్ర. రెండో మొక్క కింద కుండీ. మూడోదానికీ అంతే. ఏడింటికి ఏడూ.

నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడి అంది: "అమ్మా, మీరు నాటింది మొక్కల్నా, కుండీల్నా?"

మీ అబ్బాయి టీ కప్పుతో వరండాలో ఉన్నారు. ఎదురింటి పై అంతస్తులో కుట్టుపని చేసే ఆవిడ కిటికీలో ఉంది.

అదే, అత్తయ్యా. అవి మన ముంగిట్లో పూసిన గులాబీలు కావు. ఆరేళ్లుగా నేను నర్సరీ నుంచి మొగ్గలున్న మొక్కలు తెచ్చి, కుండీతో సహా నేలలో పాతి, పైన మట్టి కప్పుతున్నాను. నీడకి రెండు నెలల్లో ఆకులు రాలిపోతాయి. మీరు మధ్యాహ్నం పడుకున్నప్పుడు తీసేసి, ఇంకోటి పెడతాను. మీరు మెట్లు దిగలేరు. కుర్చీలోంచి చూస్తే మీకు రంగు కనిపించేది, ఆకు కనిపించేది కాదు. నేను ఆ రెండింటి మీదా ఆధారపడ్డాను, మీ మోకాళ్ల మీదా మీ కళ్ల మీదా. ఇది రాస్తుంటే ఎంత సిగ్గుగా ఉందో చెప్పలేను.

మొదట ఒక్కటే. మామయ్యగారు పోవడానికి నెల ముందు తెచ్చిన మొక్క. గుర్తుందా, "నీడలో బతకదని నర్సరీవాడు అన్నాడు, వాడికేం తెలుసు, మీ అత్తయ్య ఎదురుగా ఉంటే అదే పూస్తుంది" అని నాతో చెప్పి నాటారు. ఆయన వెళ్లిపోయాక ఆ మొక్క బాధ్యత నేను నెత్తిన వేసుకున్నాను. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు. మీరు కుర్చీలో కూర్చుని దాన్నే చూస్తుండేవారు, భోజనానికి పిలిచినా లేచేవారు కాదు. ఆకులు పసుపు రంగుకి తిరిగితే దాహమేమో అని ఇంకో చెంబు పోశాను. ఎండ తగలని నేల ఆరదని ఎవరైనా చెప్పగలరు. నీళ్ల పరీక్షలు చేసే మనిషిని, మట్టిలో వేలు పెట్టి చూడలేదు. ఒకరోజు మొక్కని కదిపితే చేతిలోకి వచ్చేసింది. వేర్లు నల్లగా కుళ్లిపోయి ఉన్నాయి.

మామయ్యగారి మొక్కని చంపేశానని మీకు ఎలా చెప్పను? ఆ సాయంత్రమే నర్సరీకి వెళ్లాను. ఆ రంగు దొరకలేదు. దగ్గరగా ఉన్నది, కాస్త ఎర్రటిది, తెచ్చి అక్కడే పెట్టాను. మీకు చెప్పడానికి మాట దొరికేదాకా, రెండు రోజుల కోసం. మర్నాడు పొద్దున పువ్వు విచ్చింది. మీరు చూశారు. "ఆయన తెచ్చినప్పుడు లేతగా ఉండేది, నేల పట్టాక రంగు తేరిందే అమ్మాయ్" అన్నారు. లేచి వచ్చి టేబుల్ దగ్గర కూర్చుని భోజనం పెట్టమన్నారు. ఆ తర్వాత చెప్పడం నా వల్ల కాలేదు. ఒకటి రెండయింది, ఏడయ్యాయి. "నీడే మంచిది, గులాబీకి చెయ్యి ముఖ్యం" అని మీరు అందరికీ చెప్పడం మొదలుపెట్టారు. నేను వింటూ ఊరుకున్నాను.

కుండీలు బయటపడిన రోజు మీ అబ్బాయి చల్లారిన టీ గుమ్మం పక్కన పారబోశారు. తర్వాత "అమ్మకి చెప్పకు" అన్నారు. మర్నాడు పొద్దున పళ్లు తోముకుంటూ, నురగ నోటితోనే, "చెప్పు" అన్నారు. "చెబితే నానమ్మ ఏడుస్తుందేమో" అని నేనంటే, "నానమ్మ ఏడవదు, నిన్ను ఏడిపిస్తుంది" అంది మీ మనవరాలు.

వాళ్ల మాటల కన్నా ఎదురింటావిడ మాట నన్ను పట్టుకుంది. సాయంత్రం గేటు దగ్గర కనిపించింది. నాలుగేళ్ల కిందట మిమ్మల్ని అడిగి వాళ్ల మెట్ల కింద గులాబీ పెట్టింది, చచ్చిపోయింది. మళ్లీ పెట్టింది, అదీ చచ్చింది. మీరు నవ్వి "నీ చెయ్యి మంచిది కాదే" అన్నారు, సరదాకే. ఆవిడ నాతో అంది: "ఏమండీ, నిజంగానే నా చెయ్యి మంచిది కాదనుకున్నానండీ. అప్పట్నుంచీ ఇంకే మొక్కా పెట్టలేదు." కోపంగా అనలేదు. అంటే బాగుండేది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది, నేను మరిచిపోవాలని ఎంతో ప్రయత్నించిన ఒక మధ్యాహ్నం. రెండో ఏడు. ఒక పువ్వు కోసి మీ చేతికిచ్చాను. మీరు వాసన చూశారు. మళ్లీ చూశారు. "ఏమీ వాసన లేదేమిటే? ఆయన తెచ్చినప్పుడు టీ డబ్బా మూత తీసినట్టుండేది" అన్నారు. నేను జవాబు చెప్పేలోగానే, "కళ్లు పోయాయి, మోకాళ్లు పోయాయి, ఇప్పుడు ముక్కు కూడా పోయింది కాబోలు" అని నవ్వి, పువ్వు పక్కన పెట్టేశారు. ఆ తర్వాత మీరు ఏ పువ్వూ ముక్కు దాకా తీసుకెళ్లలేదు. కూర మాడుతున్నా "నాకెలాగూ వాసన తెలియదు" అనేవారు. మాడుతోందని మొదట అనేది మీరే, ఆ వెంటనే ఆ మాట.

మొక్క చనిపోవడం నా పొరపాటు. కుండీలు పాతడం నా పిరికితనం. ఆ మధ్యాహ్నం నోరు మూసుకోవడం మాత్రం నేను మీకు చేసిన అన్యాయం. మీకున్నదాన్ని లేదని మిమ్మల్నే అనుకోనిచ్చాను.

వచ్చే నెల మీరు వస్తారు. కొత్త కళ్లతో, నేనే వేయించిన బాట మీద నడుచుకుంటూ, తిన్నగా వాటి దగ్గరికే వస్తారు. దొరికిపోతానన్న భయంతోనే రాస్తున్నానా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. కొంత అదీ ఉంది. కానీ మీ ఉత్తరంలో ఇంకో మాట ఉంది. వదిన వాళ్ల ఇంటి ముందు, ఉత్తరపు గోడ నీడలో ఏడు గోతులు తవ్విస్తున్నారని, మన మొక్కల నుంచి కొమ్మలు పంపమని రాశారు. "మీ అన్నయ్యగారు నవ్వుతున్నారు, పూసినప్పుడు చూపిస్తాను" అన్నారు. గోతులు ఆపించండి అత్తయ్యా. ఆ నవ్వు మీ మీదికి రానివ్వకండి. తప్పు కోడలిదని చెప్పండి. ఆ ఏడు మొక్కలూ ప్రస్తుతం మన మేడ మీద ఎండలో ఉన్నాయి. వాటిని ఏం చెయ్యాలో మీరే చెప్పాలి. ఒకటి ఎదురింటావిడకి మీ చేత్తో ఇస్తే బాగుంటుందని నాకనిపించింది.

ఇప్పుడు, ఇక్కడ ఎందుకు కూర్చున్నానో చెబుతాను.

ఆ రోజు నల్లటి వేర్లతో చేతిలోకి వచ్చిన మొక్కని చెత్తలో పడేయడానికి మనసు రాలేదు. కుళ్లిన వేర్లు కత్తిరించి, టిఫిన్ బాక్సు సంచిలో పెట్టుకుని, మర్నాడు ల్యాబ్‌కి తెచ్చి ఈ కుళాయి పక్కన గుచ్చాను. ఇక్కడ పొద్దున్నించి సాయంత్రం దాకా ఎండ. నాలుగు నెలలు పుల్లలా ఉంది. ఆశ వదిలేశాక ఒకరోజు ఎర్రటి చిగురు కనిపించింది. అప్పటి నుంచి సీసాల్లో మిగిలిన నీళ్లు మావాళ్లు దీనికే పోస్తారు. మన వీధివీ, పక్క పేటవీ, ఊరంతా తాగే నీళ్లన్నీ తాగి పెరిగింది. ఇప్పుడు గోడ దాటింది. ఇంటికి తెస్తే మళ్లీ చచ్చిపోతుంది, తేకపోతే మీకు తెలియదు. ఆరేళ్లు ఈ రెంటి మధ్యే ఊగిసలాడాను. ఏదో ఒకరోజు మిమ్మల్నే ఇక్కడికి తీసుకురావచ్చన్న మూడో దారి, చూడండి, నాకు ఈ వారమే తట్టింది.

మన ముంగిట్లో ఆ చాపంత ఎండ ఉందన్నాను కదా. అందులో ఏం పెడదామని తోటమ్మని అడిగాను. మొక్కకి రెండు గంటల ఎండ చాలదంది. మనిషికి చాలు. అక్కడ ఒక బెంచీ వేయించాను, వెనక ఆనుకునేలా. నడక అయ్యాక కూర్చోవడానికి. నామీద కోపంగా ఉంటే నాకు వీపు తిప్పి కూర్చున్నా ఇబ్బంది లేదు, అటువైపు ఫెర్నులున్నాయి.

మా డ్రైవరు నీళ్ల సీసాల కోసం మీ ఊరు వైపు వస్తున్నాడు. ఈ ఉత్తరం, పొట్లం సాయంత్రానికి మీకు చేరతాయి. పొట్లంలో తడిగుడ్డ చుట్టిన కొమ్మలు అయిదున్నాయి. ఏటవాలుగా కోసిన చివర కిందికి పెట్టాలి. వదిన ఇంటి వెనక, బట్టలారేసే చోట నాటించండి, నీళ్లు మట్టిలో వేలు పెట్టి చూశాకే పోయమనండి.

కొమ్మల పైన, విడిగా కాగితంలో, పొద్దున కోసిన పువ్వు ఒకటుంది. లేత నారింజ రంగు, అంచు మాత్రం గులాబి. దారిలో కాస్త వాడిపోయి ఉంటుంది. ముందు దాన్ని చూడకండి. ఆ కొత్త కళ్లు రెండూ మూసుకుని, ముక్కు దగ్గర పెట్టుకోండి. టీ డబ్బా మూత తీసినట్టుంటుంది. మీ ముక్కు ఎప్పుడూ బాగానే ఉంది, అత్తయ్యా.

ఇట్లు,
ఒక చెంబు ఎక్కువ పోసిన
మీ కోడలు